1935 ఫోర్డ్ వైర్ వీల్స్, 1946 డ్రమ్ములు: నట్లు ఎందుకు వదులవుతున్నాయి

మీరు రాసింది ముందు క్లుప్తంగా చెప్తాను, తర్వాత వచ్చి చదివేవాళ్ళకి ఉపయోగం. ఎవరో సగం కట్టి వదిలేసిన 1931 ఫోర్డ్ మోడల్ ఎ కూపేని ఒహాయోలో కొన్నారు. ముందు యాక్సిల్‌కి 1946 ఫోర్డ్ హైడ్రాలిక్ బ్రేకులు (చక్రం ఆనేది వాటి డ్రమ్ముల మీదే), వెనక ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ నుంచి తీసిన 8.8 అనే రకం యాక్సిల్, ఇంజను ఫోర్డ్ 302 వీ8. పెన్సిల్వేనియాలో హెర్షీ స్వాప్ మీట్‌కి (పాత కార్ల సామాన్ల సంతకి) వెళ్ళినప్పుడు 1935 ఫోర్డ్ వైర్ వీల్స్ దొరికితే తెచ్చి, క్రీమ్ రంగు పౌడర్ కోటింగ్ వేయించి బిగించారు. ఇప్పుడు ముందు చక్రాల నట్లు కొద్ది మైళ్ళకే వదులవుతున్నాయి, 45 మైళ్ళ వేగం దాటితే స్టీరింగ్ వణుకుతోంది. స్పోకులు బిగించి బెండు తీసేవాళ్ళు మిషిగన్ వైపు ఎవరైనా ఉన్నారా అన్నది మీ ప్రశ్న. చివర్లో మీ బావగారి తరఫున, హైదరాబాద్‌లో ఇలాంటి బండి కట్టి నడపొచ్చా అని కూడా అడిగారు.

నట్లు వదులవుతున్న బండిని ఈ పూట నుంచే గ్యారేజీలో పెట్టేయండి. పిల్లల్ని ఎక్కించుకుని ఐస్‌క్రీమ్ షాపు దాకా వెళ్ళొస్తామన్నా వద్దు.

ఇక బెండు సంగతి. మన ఊళ్ళో సైకిల్ షాపులో రిమ్ము ఊగితే నిపుల్ కీతో ఒక పుల్ల బిగించి, ఎదురు పుల్ల వదులు చేసి సరిచేస్తారు కదా, ఆ పని ఈ చక్రాలకి చేయలేం. 1928 నుంచి 1935 దాకా ఫోర్డ్ కార్లకి వచ్చిన వైర్ వీల్స్‌లో నిపుళ్ళు ఉండవు. ప్రతి స్పోకూ రిమ్ముకీ, మధ్య బుర్రకీ వెల్డింగ్‌తో అతికి ఉంటుంది. బిగించడానికేమీ లేదు. ఎంజీ, జాగ్వార్ లాంటి బ్రిటిష్ కార్ల చక్రాలకైతే నిపుళ్ళు ఉంటాయి, వాటి బెండు తీసే షాపులూ ఉన్నాయి. మీ చక్రాలు పట్టుకుని అక్కడికెళ్తే చూసి వెనక్కి పంపేస్తారు. వంకరపోయిన పాత ఫోర్డ్ చక్రాన్ని ప్రెస్సు మీద పెట్టి సరిచేసేవాళ్ళు వేరే ఉంటారు. కానీ మీ చక్రాలకి ఆ వైద్యం అవసరమని నాకింకా నమ్మకం కుదరలేదు. మీరు రాసిన లక్షణాలు చూస్తే జబ్బు చక్రంలో కంటే, చక్రం ఆనుతున్న చోట ఉంది.

పాత ఫోర్డులతో తిరిగేవాళ్ళకి తెలిసిన వరుస ఒకటుంది. మోడల్ ఎకి 1928-29లో 21 అంగుళాల చక్రం, 1930-31లో 19, తర్వాతి ఫోర్డులకి 1932లో 18, 1933-34లో 17, 1935లో 16. వీటన్నిటికీ అయిదు నట్లే, నట్ల వలయం (నట్ల మధ్యల మీదుగా గీసే వృత్తం వ్యాసం) అయిదున్నర అంగుళాలే. 1936లో ఫోర్డ్ వైర్ వీల్స్ మానేసి, నట్లు పదింపావు అంగుళాల వలయంలో ఉండే రేకు చక్రాలకి మారింది. 1939లో హైడ్రాలిక్ బ్రేకులు వచ్చాయి. 1940లో నట్ల వలయం మళ్ళీ అయిదున్నరకి వచ్చింది. కాబట్టి 35 చక్రం తీసుకెళ్ళి 46 డ్రమ్ము మీద పెడితే అయిదు స్టడ్లూ (నట్లు ఎక్కే మర కడ్డీలు) అయిదు రంధ్రాల్లోంచి చక్కగా బయటికొస్తాయి. అందరూ అక్కడే పొరపడతారు. రంధ్రాలు కలిశాయి గదా అని నట్లు బిగించేస్తారు.

ఇప్పుడు చక్రాన్ని విప్పి వెనక్కి తిప్పి చూడండి. మధ్య బుర్ర సాఫీ పలక కాదు. నట్లు కూర్చునే భాగం ఒకటి, దానికి బయట గుండ్రంగా ఒక అంచు ఒకటి ఉంటాయి. స్పోకుల మీద పడే పక్కవాటు బలమంతా ఆ బయటి అంచు ద్వారా డ్రమ్ము మీదకి దిగాలి. వైర్ వీల్స్ కాలం నాటి డ్రమ్ముల మీద ఆ అంచు ఆనడానికి చోటు ఇచ్చారు. నట్లు బిగిస్తుంటే మధ్య రేకు కాస్త లోపలికి లాగబడి, అంచు డ్రమ్మును గట్టిగా ఒత్తుకుంటుంది. ఆ ఒత్తిడే నట్లను వదులు కాకుండా పట్టి ఉంచేది.

1940 తర్వాతి డ్రమ్ముల్ని రేకు చక్రాల కోసం చేశారు. వాటి ముఖం మీద నట్ల చుట్టూ మాత్రమే ఆనిక ఉంటుంది, ఆ బయట లోతుకి దిగిపోతుంది. మీ చక్రం అంచు ఇప్పుడు గాలిలో ఉంది. నట్ల చుట్టూ ఉన్న ఆ పల్చటి రేకు ఒక్కటే మొత్తం బండిని మోస్తోంది. చక్రం తిరిగే ప్రతి చుట్టులోనూ ఆ రేకు అటూ ఇటూ వంగుతుంది. అలా వంగుతుంటే నట్టు ఎంత బిగించినా వదులవుతుంది. వదులైందని ఇంకా బిగిస్తే రేకు లోపలికి కుంగి ఆకారం పోతుంది. చివరికి నట్ల రంధ్రాల మధ్య చీలిక మొదలవుతుంది. ఆ వణుకులో కొంత భాగం కూడా ఇదే అయ్యుండొచ్చు, ఎందుకంటే అయిదు నట్లూ ఒకే లోతుకి కుంగవు కాబట్టి చక్రం వంకరగా కూర్చుంటుంది.

నా మాట మీద నమ్మకం పెట్టుకోనక్కర్లేదు, పది నిమిషాల్లో మీరే తేల్చుకోవచ్చు. డ్రమ్ము ముఖాన్ని బ్రష్షుతో శుభ్రం చేసి, ముఖమంతా నీలిరంగు మార్కింగ్ పేస్టు పల్చగా రాయండి. అది లేకపోతే ఇంట్లో అడిగి పాత లిప్‌స్టిక్ తీసుకోండి, అంతే బాగా పనిచేస్తుంది. చక్రం పెట్టి నట్లు చేత్తో బిగించి, అటూ ఇటూ వెంట్రుకవాసి కదిపి విప్పండి. రంగు చక్రం వెనక ఎక్కడెక్కడ అంటిందో చూడండి. నట్ల చుట్టూ అయిదు మరకలే కనిపించి, బయటి అంచు శుభ్రంగా ఉంటే సంగతి తేలినట్టే.

దీనికి మందు రింగు. వైర్ వీల్ సపోర్ట్ రింగ్ అని అడిగితే హాట్ రాడ్ (మీ బండిలా పాత కారుని మార్చి కట్టినది) సామాన్లు అమ్మేవాళ్ళ దగ్గర దొరుకుతుంది. డ్రమ్ముకీ చక్రం అంచుకీ మధ్య ఉన్న ఖాళీని నింపడమే దాని పని. కానీ కళ్ళు మూసుకుని కొనొద్దు. చక్రాన్ని బల్ల మీద బోర్లించి, బయటి అంచు మీద అడ్డంగా ఒక సరైన స్టీలు స్కేలు పెట్టండి. ఆ స్కేలు అడుగు నుంచి నట్లు ఆనే ముఖం దాకా ఎంత దూరమో వెర్నియర్ తోకతో కొలవండి. నాలుగు వైపులా కొలిచి చూస్తే, ఎవరో ఇదివరకే అతిగా బిగించి చక్రాన్ని కుంగదీశారా అన్నదీ తెలిసిపోతుంది. తర్వాత డ్రమ్ము మీద అంచు పడే చోటుకీ, నట్ల ముఖానికీ మధ్య ఎంత తేడా ఉందో కొలవండి. ఈ రెండు అంకెల్ని బట్టి రింగు మందం వస్తుంది. అంచూ నట్ల భాగమూ ఒకేసారి ఆనడం కనీసం ఉండాల్సింది. అంచు వెంట్రుకవాసి ముందు ఆనితే ఇంకా మంచిది. నట్లు చేత్తో బిగించినప్పుడు అంచు కింద ఎక్కడా సన్నటి ఫీలర్ గేజ్ ఆకు దూరకూడదు. బజారులో దొరికే రింగు మందం తేడాగా ఉంటే దగ్గర్లోని మెషిన్ షాపులో లేతు మీద పెట్టించండి. స్టీలు రింగే చేయించండి.

కొందరు రింగు బదులు పెద్ద అల్యూమినియం పళ్ళెంలాంటి స్పేసర్‌ను నట్ల కిందా అంచు కిందా కలిపి పెడతారు. దాంతో స్టడ్ పొడవు తినేస్తుంది. మీ స్టడ్లు అర అంగుళం మందం, అంగుళానికి 20 చుట్లు. నట్టు మర కనీసం స్టడ్ మందం అంత లోతు పట్టాలన్నది పాత లెక్క, అంటే పట్టిన దగ్గర్నుంచి బిగిసే దాకా నట్టు 10 చుట్లు తిరగాలి. మీరే లెక్కపెట్టుకోండి. ఏడెనిమిది చుట్లకే ఆగిపోతోందంటే పొడవు స్టడ్లు వేయాల్సిందే.

నట్లు కూడా మార్చాల్సి రావచ్చు. మీరు పెట్టిన ఫొటోలో కనిపించేవి ఈ కాలపు క్రోమ్ నట్లు, కొస కోసుగా, అంటే శంఖువులా వాలుగా ఉండే రకం. పాత చక్రం రంధ్రం వాలు దానితో కలవకపోతే నట్టు గీతంత సన్నటి అంచు మీద కూర్చుని, రేకును కోసుకుంటూ లోపలికి దిగుతుంది. నట్టు కోసుకి మార్కర్ రాసి బిగించి విప్పండి. రంగు వెడల్పు పట్టీలా చెరిగితే సరే, గీతలా చెరిగితే ఆ నట్లు పనికిరావు. మోడల్ ఎ వాళ్ళంతా నట్లకి 64 ఫుట్ పౌండ్ల టార్క్ (నట్టు బిగించే బలం) చెప్తారు, మీరూ ఆ దగ్గర్లోనే ఉండండి. మీ రోజువారీ ట్రక్కుకి పెట్టినట్టు 100 పెడితే ఈ రేకు తట్టుకోదు. టైర్ షాపులో కుర్రాడు ఇంపాక్ట్ గన్ తీసుకుని వస్తే మాత్రం మొహమాటపడకుండా ఆపేయండి.

ఆ క్రీమ్ రంగు చూడముచ్చటగా ఉంది, కానీ పౌడర్ కోటింగ్ నాకు రెండు కారణాలతో నచ్చదు. అది మందంగా ఉంటుంది, పైగా నట్టు కింద నలిగి మెల్లగా పక్కకి జరుగుతుంది. ఆ జరిగినంత మేర నట్టు బిగువు తగ్గిపోతుంది. మీ నట్లు వదులవడంలో దీనికీ వాటా ఉంది. నట్లు కూర్చునే వాలులోనూ, డ్రమ్ముకి ఆనే ముఖం మీదా, బయటి అంచు మీదా కోటింగును గీకి ఇనుము కనిపించేలా చేసి, తుప్పు పట్టకుండా పల్చగా ప్రైమర్ రాయండి. రెండో కారణం ఇంకా పెద్దది. ఎనభై తొంభై ఏళ్ళ వెల్డింగుల్లో పగుళ్ళు ఉంటే వాటిని కోటింగ్ కప్పేస్తుంది. రంగు వేయకముందు ఇసుక కొట్టించి, డై పెనట్రెంట్‌తో చూశారా? చూడకపోతే, రంగు పోతుందని బాధపడకుండా కనీసం నట్ల రంధ్రాల చుట్టూనూ, స్పోకులు బుర్రకి అతికే చోటా గీకి చూడాలి. ఎరుపు ద్రవం రాసి, పావుగంట ఆగి, తుడిచి, తెల్లటి డెవలపర్ కొడితే పగులు ఉన్నచోట ఎర్రటి గీత పైకి తేలుతుంది. డబ్బాలు మూడూ కలిపి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. టైరు తీసేశాక స్పోకుల్ని ఒక్కొక్కటిగా చిన్న స్పానరుతో తట్టి వినడం కూడా మంచి అలవాటు. అన్నీ ఒకేలా మోగుతుండగా ఒకటి మాత్రం బొంగురుగా పలికితే దాని వెల్డింగు దగ్గర భూతద్దం పెట్టండి. స్పోకు వెల్డింగు విడితే తెలిసినవాళ్ళు మళ్ళీ వేస్తారు. నట్ల రంధ్రాల మధ్య పగులు ఉంటే మాత్రం ఆ చక్రాన్ని గోడకి తగిలించుకోవడమే, రిపేరు మాట ఎత్తొద్దు.

ఇదంతా అయ్యాకే ఊగడం సంగతి చూడండి. బండిని స్టాండ్ల మీద ఎక్కించి, ముందుగా చక్రం లేకుండా డ్రమ్ము ముఖానికి డయల్ ఇండికేటర్ పెట్టి తిప్పండి. హబ్బే వంకరగా ఉంటే చక్రాన్ని తిట్టి లాభం లేదు. అది బాగుందనిపిస్తే రింగుతో సహా చక్రం బిగించి, రిమ్ము అంచు దగ్గర కొలవండి. పక్కకి ఊగడం అంగుళంలో పదహారో వంతు లోపు ఉంటే ఈ వయసు చక్రానికి నేను సరే అంటాను. ఎక్కువుంటే సుద్దముక్కతో గుర్తు పెట్టి, ఒక స్టడ్ పక్కకి జరిపి మళ్ళీ బిగించండి. ఊగే చోటు చక్రంతో పాటు జరిగితే తప్పు చక్రానిది, జరగకుండా అక్కడే ఉంటే హబ్బుది.

బ్యాలెన్సింగ్ మామూలు టైర్ షాపులో కుదరదు. వాళ్ళ మెషిన్ చక్రాన్ని మధ్య రంధ్రంలో కోను పెట్టి పట్టుకుంటుంది. ఈ చక్రాలు కుదురుకునేది నట్ల రంధ్రాల మీద. మధ్య రంధ్రం కేంద్రానికి కచ్చితంగా ఉండాలని ఫోర్డ్ వాళ్ళూ అనుకోలేదు. నట్ల రంధ్రాల్లో వేళ్ళలా దూరే ఫ్లాంజ్ ప్లేటు అడాప్టర్ ఉన్న షాపు వెతకండి. చాలా చోట్ల ట్రక్కుల పని చేసేవాళ్ళ దగ్గర ఉంటుంది.

టైర్ల గురించి మీరేమీ రాయలేదు గానీ, ఫొటోలో వెనక 7.50-16 (ఏడున్నర అంగుళాల వెడల్పు, 16 అంగుళాల రిమ్ము) టైరు కనిపిస్తోంది. ఆ రిమ్ము వెడల్పు నాలుగు అంగుళాలే. దాని మీద అంత లావు టైరు వేస్తే పక్క గోడలు లోపలికి నొక్కుకుని, పైన పొట్ట ఉబ్బుతుంది, మలుపులో బండి ఈదుతున్నట్టు ఉంటుంది. అప్పట్లో దీనికి వచ్చిన సైజు 6.00-16. ముందు 5.50 లేదా 6.00, వెనక 7.00 దాకా పర్వాలేదు. పాతకాలం ముందు సన్నం, వెనక లావు వేషమూ వస్తుంది. ట్యూబు తప్పనిసరి. రిమ్ము లోపలి వైపు గరుకుగా ఉంటుంది కాబట్టి ట్యూబుకీ రిమ్ముకీ మధ్య ఫ్లాప్ (రబ్బరు పట్టీ) కూడా వేయండి. రేడియల్ టైర్లు హాయిగా నడుస్తాయి, నిజమే. కానీ వాటి పట్టు ఎక్కువ, మలుపులో ఆ బలమంతా రిమ్ము మీదకే వస్తుంది. ఈ రిమ్ములు బయాస్ ప్లై (దారాలు ఏటవాలుగా అల్లిన పాతకాలపు టైరు) రోజులవి, నేనైతే బయాస్ ప్లైనే వేస్తాను. రోడ్డు మీద గీతలు పట్టుకుని కాస్త తిరుగుతుంది, రెండు వారాల్లో చేతులు అలవాటు పడతాయి.

వెనక నట్లు వదులు కాలేదని ధీమాగా రాశారు. నాకు ముందు చక్రాల కంటే వెనకవే ఎక్కువ భయం. ఎక్స్‌ప్లోరర్ యాక్సిల్ నట్ల వలయం నాలుగున్నర అంగుళాలు. మీరు అడాప్టర్ ప్లేటు పెట్టి అయిదున్నరకి మార్చారు. ఆ ప్లేటు కూడా గుండ్రంగా చిన్నదే, అంటే అక్కడా చక్రం అంచు గాలిలోనే ఉండి ఉంటుంది. ముందు చక్రాలకి ఇంజను తోపు ఉండదు. వెనకవి 302 తోపును కూడా భరించాలి. ఈ చక్రాలు 1935లో వచ్చింది 85 గుర్రాల (హార్స్‌పవర్) వీ8 వెనక. మీ కూపే బరువు ఆ కాలపు ఫోర్డ్ కంటే తక్కువే కాబట్టి మోత సమస్య కాదు, సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వచ్చే మెలిక అసలు సమస్య.

పైగా అడాప్టర్లు చక్రాన్ని బయటికి తోస్తాయి. మీ మడ్‌గార్డులు లేని కూపేకి వెనక చక్రాలు బయటికి పొడుచుకొచ్చి కనిపిస్తున్నాయని మీరే రాశారు. 8.8 వాడే హాట్ రాడ్ వాళ్ళు చేసే పని ఒకటుంది. ఆ యాక్సిల్‌లో డ్రైవర్ వైపు గొట్టం పొడవు, రెండోవైపు పొట్టి. పొడుగు గొట్టాన్ని కోసి రెండోదానికి సమానం చేసి, రెండు వైపులా పొట్టి షాఫ్టులే వేస్తారు. దాదాపు మూడు అంగుళాలు తగ్గుతుంది, డిఫరెన్షియల్ కూడా మధ్యకి వస్తుంది. మీరు ఎలాగూ ఆ పని చేయిస్తే, షాఫ్టుల్ని అయిదున్నర వలయం ఫ్లాంజితో కొత్తగా చేయించుకోండి. అడాప్టర్ల బెడద పోతుంది. ఉన్న ఫ్లాంజికే కొత్త రంధ్రాలు వేస్తామని ఎవరైనా అంటే, రంధ్రం బయట ఎంత ఇనుము మిగులుతుందో ముందు చూపించమనండి. ఏది చేసినా సరే, అక్కడ కూడా అంచు కింద రింగు ఉండాలి.

ఎవరో నాక్ ఆఫ్ హబ్బులూ, 72 స్పోకుల చక్రాలూ వేసేయమన్నారట. అందం వాటిదే, కాదనను. కానీ అది వేరే ప్రపంచం. పళ్ళున్న హబ్బు, మధ్యలో ఒక్క పెద్ద నట్టు, బండికి ఒకవైపు కుడి మర, ఇంకోవైపు ఎడమ మర. వైపులు తారుమారైతే నడుస్తున్న కొద్దీ బిగుసుకోవాల్సిన నట్టు విప్పుకుంటూ పోతుంది. హబ్బు పళ్ళు అరిగినవి కొంటే బ్రేకు వేసిన ప్రతిసారీ టక్కుమంటుంది. 31 కూపే మీద 35 ఫోర్డ్ చక్రాలే నాకు ఇంపుగా ఉంటాయి, అది నా ఇష్టం అనుకోండి. డ్రైవ్ ఇన్‌కి వెళ్ళి రావడం, ఆదివారం పూట ఊరి రోడ్ల మీద తిరగడం మీ ఉద్దేశమైతే పగుళ్ళు లేని ఈ చక్రాలు, రింగులతో చాలు. టైర్లు కాల్చి పొగ లేపాలనుంటే మాత్రం ఇదే వేషంలో ఇప్పుడు కొత్తగా తయారుచేస్తున్న వైర్ వీల్స్ వెనక రెండింటికైనా కొనండి. పాతవి ముందు పెట్టుకోండి, ఎవరూ పట్టుకోలేరు.

మీ బావగారికి చెప్పాల్సింది: హైదరాబాద్‌లో ఇలాంటి బండి కట్టొచ్చు గానీ రోడ్డెక్కించడం కష్టం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం రిజిస్ట్రేషన్‌లో ఉన్న, తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నియమాలు 50 ఏళ్ళు దాటిన బళ్ళకి దారి తెరిచాయి, కానీ బండి అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజను మార్చినదానికి ఆ దారి లేదు. హాట్ రాడ్ అంటేనే ఆ మూడూ మార్చడం. ఆయనకి అంత సరదాగా ఉంటే పాత బండిని పాతగానే బాగుచేయించుకోమనండి.

ఇక మీరు ఈ వారాంతం చేయాల్సింది ముందు చక్రం ఒకటి విప్పి రంగు పరీక్ష, ఆ రెండు కొలతలు. అంకెలు ఇక్కడ పెట్టండి, నట్టు ఎన్ని చుట్లు తిరుగుతోందో, అడాప్టర్ ప్లేటు బయటి వ్యాసం ఎంతో కూడా రాయండి. రింగు మందం లెక్క కట్టి చెప్తాను. రింగులు వేశాక 25 మైళ్ళకి ఒకసారి, 50కి ఒకసారి, 100కి ఒకసారి నట్లు చల్లారాక టార్క్ రెంచ్‌తో చూడండి. మూడోసారి ఒక్క నట్టు కూడా కదలకపోతే అప్పుడు ఇంట్లోవాళ్ళని ఎక్కించుకోండి.